సీట్లు 40, అడిగేవాళ్ళు 100: పిల్లల సమ్మర్ క్యాంపులో చోటు ఎవరికి, ఎలా ఇవ్వాలి?

మన రెండు రాష్ట్రాల్లోనూ మామూలుగా ఏప్రిల్ చివరి వారంలో బడికి సెలవులిచ్చి జూన్ 12న మళ్ళీ తెరుస్తారు. ఈ మధ్యలో కాలనీ సంఘమో, ఊళ్ళో గ్రంథాలయమో, నలుగురు రిటైర్డ్ టీచర్లో కలిసి పిల్లలకి క్యాంపు పెడతారు. పొద్దున 7 నుంచి 10:30 దాకా. ఆ తర్వాత ఎండకి ఎవరూ బయట ఉండలేరు. కథలు, చెస్, కాగితం బొమ్మలు, కోలాటం, మధ్యలో రాగిజావో మజ్జిగో. ఎవరికీ జీతాల్లేవు, అందరూ వాలంటీర్లే. మొదటి ఏడాది పిల్లల్ని బతిమాలి తెచ్చుకోవాలి. రెండో ఏడాదికి కాస్త పేరొస్తుంది. మూడో ఏడాది 40 మందికి చోటుంటే 100 మంది అడుగుతారు. అక్కడ మొదలవుతుంది టెన్షన్.

ఆ 40 సీట్లు పంచడానికి నాలుగైదు దారులున్నాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వాలంటీర్ల పిల్లలకీ, దరఖాస్తు దాకా రాలేని ఇళ్ళ పిల్లలకీ కొన్ని సీట్లు ముందే పక్కన పెట్టి, మిగతావాటికి అందరి ముందూ చీటీలు తీయడం మేలు. ముందొచ్చినవాళ్ళకే సీటు అనే పద్ధతి సీట్లు మిగిలిపోయే క్యాంపుకే పనికొస్తుంది. కానీ ప్రతి క్యాంపూ ఒకటి కాదు కాబట్టి దేంట్లో ఏ లాభం, ఏ చిక్కు ఉందో చూద్దాం.

అసలు 40 ఎందుకు?

పంచే ముందు ఈ ప్రశ్న అడగాలి. చాలా క్యాంపుల్లో ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికీ గుర్తుండదు. "పోయినేడు అంతమందినే తీసుకున్నాం" అంటారు.

సీట్లకి అడ్డం పడేది ఏమిటో కనిపెట్టండి. హాలు చిన్నదా, బాత్రూమ్‌లు రెండేనా, లేక చూసుకునే పెద్దవాళ్ళు తక్కువా? వాలంటీర్ల క్యాంపుల్లో ఎక్కువగా ఈ చివరిదే. చిన్నపిల్లలు 8 మందికి పెద్దవాళ్ళు ఒకరు అనుకుంటే, రోజూ కచ్చితంగా వచ్చేవాళ్ళు ఐదుగురుంటే 40. ఆరో మనిషి దొరికితే 48. అలాంటప్పుడు లాటరీ ఎలా తీయాలని రెండు మీటింగులు పెట్టుకునే బదులు, ఆ సాయంత్రాలు డిగ్రీ చదివే పిల్లల్ని ఇద్దర్ని ఒప్పించడానికి వాడుకుంటే ఎక్కువ ఫలితం.

హాలే అడ్డమైతే బ్యాచ్‌లు విడగొట్టొచ్చు. 40 మందికి 20 రోజులు పెట్టడమా, 80 మందికి చెరో 10 రోజులు పెట్టడమా? ఆటపాటల క్యాంపైతే నేను రెండోదానికే ఓటేస్తాను. ఎలాగూ సగం ఇళ్ళవాళ్ళు మే నెలలో కొన్నాళ్ళు అమ్మమ్మగారింటికో నాయనమ్మగారింటికో వెళ్తారు. మొదటి బ్యాచా, రెండో బ్యాచా, ఏదైనా ఫర్వాలేదా అని ఫారంలోనే అడిగితే సగం పోటీ దానంతటదే తగ్గుతుంది. అయితే ఈత, చివర్లో ప్రదర్శన ఇవ్వాల్సిన కోలాటం, నాటకం లాంటివి 10 రోజుల్లో రావు. వాటికి బ్యాచ్‌లు చేస్తే ఎవరికీ ఏమీ రాకుండా పోతుంది.

ముందొచ్చినవాళ్ళకే సీటు

చాలామంది మొదట పట్టుకునే పద్ధతి ఇదే. వాట్సాప్ గ్రూపులో ఆదివారం పదింటికి గూగుల్ ఫారం లింకు పెడతారు, 40 పేర్లు నిండగానే మూసేస్తారు. నిర్వాహకులకి ఇంతకంటే తేలిక లేదు. ఎవర్నీ ఎంచే పని లేదు, ఎవరికీ జవాబు చెప్పే పని లేదు.

తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో విడుదలైన రోజు ఎలా ఉంటుందో తెలియని తెలుగు ఇల్లుండదు. ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ తెరిచి, ఒకరు లాప్‌టాప్ ముందు, ఒకరు ఫోన్ ముందు కూర్చుంటారు. టికెట్ దొరికినవాళ్ళకి భక్తి ఎక్కువని కాదు, నెట్ స్పీడుగా ఉందని, ఆ టైముకి ఖాళీగా ఉన్నారని. అదే దేవస్థానం సుప్రభాతం, తోమాల, అర్చన లాంటి సేవలకి మాత్రం వేరే దారి పెట్టింది. రెండు రోజులపాటు ఎప్పుడైనా పేరు నమోదు చేసుకోవచ్చు, ఆ తర్వాత ఎలక్ట్రానిక్ డిప్, అంటే కంప్యూటర్ లాటరీ, తీస్తారు. సీట్లు మరీ తక్కువై, అడిగేవాళ్ళు మరీ ఎక్కువైనచోట వేగం మీద ఆధారపడకూడదని ఇక్కడే కనిపిస్తోంది.

క్యాంపు దగ్గరికొస్తే తేడా ఇంకా సూటిగా తెలుస్తుంది. ఇంట్లో ఒకటే స్మార్ట్‌ఫోన్, అది నాన్నతోపాటు పనికి పోతుంది. రాత్రి తొమ్మిదింటికి ఆయన ఇంటికొచ్చి, అన్నం తిని, గ్రూపు తెరిచేసరికి "సీట్లు నిండాయి, ధన్యవాదాలు" అని చేతులు జోడించిన బొమ్మ. నర్సులు, డ్రైవర్లు, అంగళ్ళలో పనిచేసేవాళ్ళు ఆదివారం పదింటికి ఫోన్ చూసే పరిస్థితిలో ఉండరు. పోనీ ఆన్‌లైన్ వద్దు, లైనులో నిలబెట్టి ఫారాలిద్దామంటే తెల్లవారుజామున ఐదింటికే తాతయ్యలు వస్తారు, కొందరు చెప్పులు పెట్టి టీకి వెళ్తారు. తాతయ్య లేని ఇంటికి సీటుండదు.

కాబట్టి ఒకటే పరీక్ష: పోయినేడు ఎన్ని దరఖాస్తులొచ్చాయి? సీట్లకంటే తక్కువో, కాస్త ఎక్కువో అయితే ఈ పద్ధతే వాడండి, వేరే హంగామా అక్కర్లేదు. రెట్టింపు వచ్చాయంటే మానేయండి. లేదూ, ఇదే కావాలనుకుంటే కనీసం లింకు పెట్టే రోజూ గంటా వారం ముందు కాగితం మీద రాసి బడి గేటు దగ్గరా, కిరాణా కొట్టు దగ్గరా అతికించండి. గ్రూపులో ఉన్నవాళ్ళకే తెలిసే క్యాంపు కాలనీ క్యాంపు కాదు, గ్రూపు క్యాంపు.

టెస్టు పెట్టడం, ఫీజు పెంచడం

టెస్టు గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. జవహర్ నవోదయ విద్యాలయాల్లో ఆరో తరగతికి టెస్టు పెడతారు, నిజమే. ఒక్కో బడికి గరిష్ఠంగా 80 సీట్లు, వాటిలో కనీసం 75 శాతం పల్లె పిల్లలకి. అది ఏడేళ్ళ చదువు. కాగితం బొమ్మలు చేసుకునే పది రోజులకి ఆరేళ్ళ పాపని ఇంటర్వ్యూ చేయడమేంటి? విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం బడిలో చేర్చుకునేటప్పుడే పిల్లల్ని గానీ తల్లిదండ్రుల్ని గానీ పరీక్షించి వడపోయకూడదు. చట్టం క్యాంపుకి వర్తించకపోవచ్చు, అందులోని వివేకం వర్తిస్తుంది. చెస్ క్యాంపు లాంటిదైతే ఎవరికి ఎంత వచ్చో తెలియాలి కదా అంటారు. తెలియాలి, కానీ సీటిచ్చాక, గ్రూపులు విడగొట్టడానికి.

ఫీజు సంగతి ఇంకాస్త మెలికగా ఉంటుంది. ఎవరూ "డబ్బున్నవాళ్ళకే సీటిద్దాం" అనరు. "ఫీజు కాస్త పెంచితే నిజంగా ఆసక్తి ఉన్నవాళ్ళే వస్తారు" అంటారు. రెండిటికీ ఫలితం ఒకటే. అయితే పూర్తిగా ఉచితమైతే పేరిచ్చి రానివాళ్ళు ఎక్కువవుతారన్నదీ నిజం. దానికి మందు అడ్వాన్సు. సీటొచ్చాక 200 రూపాయలు కట్టించుకుని, సగానికి పైగా రోజులు వచ్చిన పిల్లలకి చివరి రోజు తిరిగి ఇచ్చేయడం. కట్టలేమన్నవాళ్ళని కారణం అడక్కుండా వదిలేయండి. దరఖాస్తుకి మాత్రం డబ్బు తీసుకోవద్దు. తెలంగాణలో 2023లో 2,620 మద్యం షాపులకి లాటరీ తీసినప్పుడు దరఖాస్తుకే 2 లక్షలు, రాకపోతే వెనక్కి లేదు. ఖజానాకి బాగానే ఉంటుంది. మనం నడిపేది మద్యం షాపు కాదు.

చీటీలు

లాటరీ అంటే కొందరికి చిన్నచూపు. "పిల్లల భవిష్యత్తుని అదృష్టానికి వదిలేస్తారా" అని అడుగుతారు. ముందొచ్చినవాళ్ళ పద్ధతిలోనూ అదృష్టమే ఉంది, కాకపోతే అది ఇళ్ళని చూసి పంచిన అదృష్టం. చీటీకి ఎవరిల్లు ఏదో తెలియదు. వారం రోజులు ఫారాలు తీసుకోవచ్చు కాబట్టి రాత్రి తొమ్మిదింటికి ఇంటికొచ్చే నాన్న కూడా పోటీలో ఉంటాడు. నిర్వాహకుల మీద నింద పడదు. ఇన్ని మేళ్ళున్నా లాటరీ సరిగ్గా చేయకపోతే ముందొచ్చినవాళ్ళ పద్ధతికంటే ఎక్కువ గొడవ తెస్తుంది. అందుకే ఇక్కడ కొంచెం ఆగి చూద్దాం.

మొదటి చిక్కు, ఒకే బిడ్డకి రెండు ఫారాలు. అమ్మ ఫోన్‌నుంచి ఒకటి, నాన్న ఫోన్‌నుంచి ఒకటి. చాలాసార్లు మోసం కాదు, ఒకరు వేశారని ఇంకొకరికి తెలియదు. అమెరికా వెళ్ళాలనుకునే కుర్రాళ్ళు మన వీధివీధినా ఉన్నారు కాబట్టి హెచ్-1బి లాటరీ గురించి తెలుగువాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఒకే మనిషి తరఫున నాలుగైదు కంపెనీలు పేరు వేయడంతో 2023లో రిజిస్ట్రేషన్లు 7.8 లక్షలకి చేరాయి. 2024లో ఎన్ని కంపెనీలు వేసినా మనిషికి ఒక్కటే లెక్క అని మార్చగానే 4.8 లక్షలకి పడిపోయాయి. మన క్యాంపుకి అంత అవసరం లేదు. పేరు, పుట్టిన తేదీ వరసలో పెట్టి ఒకసారి కళ్ళతో చూస్తే చాలు.

రెండోది అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. అక్కకి వచ్చి తమ్ముడికి రాకపోతే ఆ అమ్మ ఇద్దర్నీ పంపదు. అందుకని కొన్ని క్యాంపులు "ఇద్దరికీ వేర్వేరు చీటీలు, ఎవరొచ్చినా ఇద్దర్నీ తీసుకుంటాం" అంటాయి. వినడానికి దయగా ఉంటుంది, లెక్క చూస్తే తేడా బయటపడుతుంది. ఒక్కో చీటీకి నూటికి 40 అవకాశం ఉందనుకుందాం. ఒక్క బిడ్డ ఉన్న ఇంటికి 40. ఇద్దరున్న ఇంటికి సుమారు 64. ముగ్గురున్న ఇంటికి 78. ఒంటరి పిల్లకి ఇది అన్యాయం, పైగా క్యాంపు అసలు అవసరం ఆ పిల్లకే. కాబట్టి ఇంటికి ఒకటే చీటీ, దాని మీద ఎంతమంది పిల్లలో రాయాలి. ఆ చీటీ వస్తే అందరూ వస్తారు, రాకపోతే ఎవరూ రారు. చివరికి ఒకే సీటు మిగిలి ఇద్దరి చీటీ వస్తే ఏం చేయాలో కూడా ముందే రాసుకోండి. నేనైతే ఇంకో కుర్చీ వేసి ఇద్దర్నీ తీసుకుంటాను. అందుకే మొదట్లోనే 40కి బదులు 39 అని చెప్పుకోవడం మంచిది.

మూడోది వయసు. ఒకే గిన్నెలో అందర్నీ వేస్తే 40లో 30 మంది ఆరేళ్ళవాళ్ళే రావచ్చు, అప్పుడు ఐదుగురు పెద్దవాళ్ళు చాలరు. 6 నుంచి 8, 9 నుంచి 12 అని రెండు గిన్నెలు పెడితే సరి. రెండు వయసుల్లోనూ పిల్లలున్న ఇంటి చీటీని చిన్నబిడ్డ గిన్నెలో వేసి, పెద్దబిడ్డ సీటుని రెండో గిన్నె లెక్కలోంచి తగ్గించాలి. ఇక్కడితో ఆపండి. ఆడపిల్లలు, మగపిల్లలు, ఏ వీధి, ఏ బడి అంటూ పోతే ఎనిమిది గిన్నెలవుతాయి, ఒక్కోదాంట్లో ఐదేసి సీట్లుంటాయి, ఒకదాంట్లో అందరికీ వస్తుంది, పక్కదాంట్లో ఎవరికీ రాదు.

ఇక తీయడం. కాగితాలన్నీ ఒకే సైజులో కత్తిరించి, ఒకే రకంగా నాలుగు మడతలు పెట్టాలి. ఒకటి లావుగా, ఒకటి పల్చగా ఉంటే వేళ్ళకి తెలిసిపోతుంది. పేర్లు కాకుండా దరఖాస్తు నంబర్లు రాయండి. వెడల్పాటి స్టీలు గిన్నె, అడుగుదాకా కలపడానికి వీలుగా. తీసేది క్యాంపుకి దరఖాస్తు పెట్టని ఇంటి బిడ్డ. ఒకరు గట్టిగా చదవాలి, ఇంకొకరు బోర్డు మీద రాయాలి, తల్లిదండ్రుల్లోంచే ఒకరు పక్కన నిలబడి చీటీలో నంబరూ బోర్డు మీది నంబరూ ఒకటేనా చూడాలి. వీడియో తీసి అదే సాయంత్రం గ్రూపులో పెట్టండి.

ఇందులో చాలామంది వదిలేసేది ఒకటుంది. సీట్లు నిండగానే ఆపకండి, గిన్నె ఖాళీ అయ్యేదాకా అన్ని చీటీలూ తీయండి. సీట్లు నిండాక వచ్చిన వరసే వెయిటింగ్ లిస్టు. మళ్ళీ ఎవరూ ఎవర్నీ ఎంచక్కర్లేదు. 100 చీటీలకి అరగంట పడుతుంది. ఆ అరగంట మే నెలంతా కాపాడుతుంది.

చీటీలెందుకు, ఎక్సెల్ ఉంది కదా అంటారు. 300 దాటితే ఎక్సెలే. కానీ అందులో యాదృచ్ఛిక అంకెల ఫార్ములా వేస్తే షీటులో ఏ గడిలో ఏం మార్చినా అంకెలన్నీ మారిపోతాయి. అందరూ చూస్తుండగా పేరులో తప్పు దిద్దబోతే వరస మొత్తం తిరగబడుతుంది, "మా వాడి పేరు ఇందాక పైనుంది" అని ఎవరో లేస్తారు. అంకెలు రాగానే వాటిని విలువలుగా కాపీ చేసి అతికించి, ఆ తర్వాతే వరస పెట్టాలి. అంత తెలిసినవాళ్ళు లేకపోతే గిన్నే నయం.

పక్కన పెట్టే సీట్లు: వాలంటీర్ల పిల్లలు

అసలు వేడి చర్చ దీనిమీదే. "మీరు నడుపుతున్నారని మీ పిల్లలకి సీట్లు రాసేసుకుంటారా?" అని ఒక పక్క. "రోజూ పొద్దున ఐదింటికి లేచి జావ కాచేది నేను, నా బిడ్డకి చీటీ రాకపోతే వాణ్ణి ఎవరి దగ్గర వదిలి రావాలి?" అని ఇంకో పక్క.

రెండోవాళ్ళ వైపే నేను. కారణం జాలి కాదు, లెక్క. రోజూ వచ్చే ఒక వాలంటీరు వల్ల 8 సీట్లు పుడుతున్నాయి. ఆమె బిడ్డకి ఒకటి పోతే మిగతావాళ్ళకి 7 మిగులుతున్నాయి. ఆమె రాకపోతే ఆ 7 లేవు. ఇద్దరు పిల్లలున్న వాలంటీరు సగం రోజులే వస్తే 4 సీట్లు పుట్టించి 2 తీసుకుంటున్నట్టు, అదీ ఫర్వాలేదు. రెండు రోజులు ఫొటోల్లో కనిపించి వెళ్ళిపోయేవాళ్ళు పుట్టించే సీట్లు లేవు, వాళ్ళ బిడ్డ అందరితోపాటు గిన్నెలోకి వెళ్ళాలి.

కాబట్టి షరతు రోజుల మీద పెట్టండి. సగం రోజులైనా పూర్తిగా ఉంటామని డ్యూటీ చార్టులో పేరు రాసినవాళ్ళ పిల్లలకే ఖాయం సీటు. చార్టు లాటరీకి ముందే పూర్తవ్వాలి. చీటీ రాకపోయాక "నేనూ వాలంటీరుగా వస్తాను" అనేవాళ్ళకి నమస్కారం పెట్టి వెయిటింగ్ లిస్టు చూపించండి, లేకపోతే వచ్చే ఏడాది అందరూ అదే తలుపు తడతారు. మొత్తం సీట్లలో నాలుగో వంతు దాటకుండా పరిమితి పెట్టుకుంటే బయటివాళ్ళకి కూడా గుండె నిబ్బరం. చందా ఇచ్చినవాళ్ళ పిల్లలకి మాత్రం ఖాయం సీటు వద్దు. జావకి రాగులు ఇప్పించినందుకు కృతజ్ఞత ఫ్లెక్సీ మీద చెప్పొచ్చు.

దరఖాస్తు దాకా రాని పిల్లలు

వాచ్‌మన్ కూతురు రోజూ గేటు దగ్గర కూర్చుని క్యాంపు చూస్తుంటుంది. ఆ కుటుంబం ఏ గ్రూపులోనూ లేదు, ఫారం నింపమని ఎవరూ చెప్పలేదు. కడుతున్న అపార్ట్‌మెంట్లో పనికొచ్చిన కూలీల పిల్లలు, పారిశుద్ధ్య కార్మికుల పిల్లలు కూడా అంతే. లాటరీ ఎంత నిజాయతీగా తీసినా గిన్నెలో లేని పేరు రాదు.

విద్యాహక్కు చట్టం 2009లో ప్రైవేటు బడుల్లో ఒకటో తరగతి సీట్లు కనీసం 25 శాతం బలహీన వర్గాల పిల్లలకి ఇవ్వమని రాసింది. క్యాంపుకి ఐదో వంతు సరిపోతుంది. వాటిని నింపే దారి ముఖ్యం. టేబుల్ దగ్గర కూర్చుని ఆదాయ సర్టిఫికెట్ తెమ్మంటే, దానికోసం ఒక రోజు కూలి పోగొట్టుకుని ఎవరూ తిరగరు. దగ్గర్లోని ప్రభుత్వ బడి హెడ్‌మాస్టర్ని గానీ అంగన్‌వాడీ టీచర్ని గానీ అడిగి పేర్లు తీసుకోండి. పిల్లలు ఎవరో వాళ్ళకి తెలుసు. 8 సీట్లకి 15 పేర్లొస్తే అక్కడా చీటీలే. ఏప్రిల్ 20 దాకా చూసి, నిండకపోతే వెయిటింగ్ లిస్టుకి వదిలేయండి. ఖాళీగా ఉంచి గొప్ప చెప్పుకోవడం వల్ల ఎవరికీ లాభం లేదు. క్యాంపులో ఏ బిడ్డ ఏ దారిన వచ్చిందో రిజిస్టరు చూసేవాళ్ళకి తప్ప తెలియకూడదు. ఆ పిల్లలకి వేరే రంగు బ్యాడ్జీ ఇచ్చిన క్యాంపులూ ఉన్నాయి, ఇవ్వకపోతేనే నయం.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని కోటాలో పెట్టకండి. అందరితోపాటు చీటీ వేసి, వచ్చాక తల్లిదండ్రులతో కూర్చుని ఏం కావాలో మాట్లాడి, ఒక మనిషిని అదనంగా పెట్టుకోండి.

ఇప్పుడు ఇవన్నీ కలిపితే ఎంత మిగులుతుంది? 40లో వాలంటీర్ల పిల్లలకి 8, దరఖాస్తు దాకా రాని పిల్లలకి 8 పోతే 24. అడిగిన 100 మందిలో వాలంటీర్ల పిల్లలు 8 మందిని తీసేస్తే 92. అంటే నలుగురిలో ఒకరికి. ఉత్త లాటరీలో ఐదుగురిలో ఇద్దరికి వచ్చేది. కోటాలకి మిగతావాళ్ళు కట్టే ధర ఇది. దాచకుండా నోటీసులోనే రాయండి. "16 ముందే పోయాయట" అని బయట చెప్పుకునేదానికంటే మీరే చెప్పడం నయం. మిగతావాళ్ళ వాటా ఇంతకంటే మరీ చిన్నదైతే మాత్రం లాటరీ పేరుకే మిగులుతుంది. మొత్తం సీట్లలో సగం తప్పకుండా గిన్నెకే ఉండాలి.

పోయినేడు రానివాళ్ళకి

రెండేళ్ళు వరసగా చీటీ రాని బిడ్డ ఉంటే ఊరంతా పాపం అంటుంది. దీనికి రెండు విరుగుళ్ళున్నాయి. పోయినేడు రానివాళ్ళకి ఈ ఏడు ఖాయం సీటివ్వడం ఒకటి, రెండు చీటీలు వేయడం ఇంకొకటి.

మొదటిది ఆకర్షణీయంగా ఉంటుంది, మొదటి ఏడాదే బోల్తా కొడుతుంది. పోయినేడు 60 మందికి రాలేదు. వాళ్ళలో 30 మంది మళ్ళీ వచ్చినా 24 సీట్లూ చాలవు, కొత్తగా వచ్చిన పిల్లలకి గిన్నె తెరవడమే ఉండదు. రెండు చీటీలైతే వాళ్ళ అవకాశం దాదాపు రెట్టింపవుతుంది, కొత్తవాళ్ళకీ దారి మూసుకోదు. మొదటి చీటీ వచ్చాక రెండోది వస్తే పక్కన పడేయడమే. వరసగా రెండేళ్ళు రానివాళ్ళకి మూడు చీటీలు. పోయినేడు వచ్చిన పిల్లల్ని ఈ ఏడు వద్దనడం మాత్రం నాకు నచ్చదు. క్యాంపుకి కళ తెచ్చేది పాత పిల్లలే, కొత్తవాళ్ళకి ఆటల నియమాలు చెప్పేదీ వాళ్ళే. వాళ్ళకి ఒక చీటీ ఉండనివ్వండి.

ఫోన్లు

లాటరీ అయిన రాత్రినుంచి ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, కార్పొరేటర్ గారు చెప్పమన్నారు, ఒక్క సీటే కదా." ఇక్కడ "చూద్దాంలే" అనకండి. ఆ మాటని వాళ్ళు అవుననే తీసుకుంటారు. ఇలా చెప్పండి: "మాకూ ఇవ్వాలనే ఉంది అన్నా. కానీ నిన్న అందరి ముందూ లిస్టు చదివాం, బోర్డు మీద ఉంది. ఇప్పుడు ఈ సీటిస్తే 41వ నంబరు వాళ్ళు అడుగుతారు, వాళ్ళకి నేనేం చెప్పాలి? మీ నంబరు 57, ఖాళీ వస్తే వరసలో పిలుస్తాం." నిజానికి చాలామంది సిఫార్సు చేసేవాళ్ళకి కూడా ఈ జవాబే కావాలి. అడిగినవాళ్ళకి "నేను చెప్పాను, వాళ్ళకి కుదర్లేదు" అని చెప్పుకోవడానికి వీలవుతుంది.

"అత్యవసరానికి రెండు సీట్లు కమిటీ దగ్గర ఉంచుకుందాం" అని మీటింగులో ఎవరో ఒక పెద్దాయన అంటారు. వద్దని మర్యాదగా చెప్పండి. ఆ రెండు సీట్లున్నాయని తెలిసిన రోజునుంచి వాటికి 20 మంది అత్యవసరాలు పుట్టుకొస్తాయి.

వెయిటింగ్ లిస్టు నడిపే తీరు

సీటొచ్చినవాళ్ళు అడ్వాన్సు కట్టడానికి మూడు రోజులు. కట్టకపోతే ఒక మెసేజి, రెండు ఫోన్లు, ఒకటి పొద్దున, ఒకటి రాత్రి ఎనిమిది దాటాక. అప్పటికీ జవాబు లేకపోతే తర్వాతి నంబరు. ఫోన్ చేసిన టైము నోట్‌బుక్కులో రాయండి, "మాకు ఎవరూ చెయ్యలేదు" అన్న మాట తప్పకుండా వస్తుంది. పిలిచిన నంబర్లు బోర్డు మీద ఎప్పటికప్పుడు కొట్టేస్తే జనం అడగడం మానేస్తారు. బోర్డు మీద నంబర్లే, పిల్లల పేర్లూ ఫోన్ నంబర్లూ వద్దు.

క్యాంపు మొదలయ్యాక చెప్పకుండా రెండు రోజులు రాకపోతే సీటు పోతుందని ముందే చెప్పండి, మూడో రోజు నిజంగానే ఇచ్చేయండి. పది రోజుల బ్యాచ్‌లో నాలుగో రోజు దాటాక కొత్తవాళ్ళని పిలవకండి, మధ్యలో వచ్చిన పిల్లలు బిక్కమొహం వేసుకుని కూర్చుంటారు. రానివాళ్ళుంటారులే అని ముందే 46 మందిని పిలవడం కూడా వద్దు. ఒక రోజు అందరూ వస్తే చూసుకునేది ఆ ఐదుగురే.

టైము లెక్క: మార్చి ఆఖరులో నోటీసు, ఏప్రిల్ మొదటి వారం ఫారాలు, రెండో ఆదివారం చీటీలు. అంతకంటే ఆలస్యమైతే ఊరెళ్ళే టికెట్లు బుక్ చేసుకోవాల్సినవాళ్ళు ఎటూ తేల్చుకోలేక మీకు రోజూ ఫోన్ చేస్తారు. చీటీ రాని పిల్లల నంబర్లూ పుట్టిన తేదీలూ రాసిన పేజీని క్యాంపు అయిపోగానే పారేయకండి. వచ్చే ఏప్రిల్‌లో ఎవరికి రెండు చీటీలు వేయాలో చెప్పేది అదొక్కటే. రాసినవాళ్ళు ట్రాన్స్‌ఫరై వెళ్ళిపోతే ఎక్కడుందో తెలియదు కాబట్టి ఒక కాపీ ఇంకొకరి దగ్గర కూడా ఉంచండి.